మిసాల్ ఇచ్చారు సరే, వజ్హ్ ఏదీ?

మా ఉర్దూ మీడియం బడిలో కణాన్ని ‘ఖలియా’ అనేవాళ్లు. కణం లోపల సంచుల్లా కనిపించే రిక్తికల్ని మా ఉస్తాద్ ‘ఖాలియా’ అనేవారు. పలకడంలో ఒక దీర్ఘం, రాయడంలో ఒక అలిఫ్, అంతే ఫరక్. ఎనిమిదో జమాత్ ఇంతెహాన్‌లో నేను ఆ అలిఫ్ మింగేసి ‘ఖలియాలో ఖలియా ఉంటుంది, అందులో నీళ్లుంటాయి’ అని రాశాను. ఉస్తాద్ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పక్కనే ‘ఖాలీ దిమాగ్’ అని రాశారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఖలియా అంటే ఏమిటో ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

చాలా ఏళ్లకు, పత్రికలో సైన్సు పేజీకి తర్జుమాలు చేస్తూ లుగత్ తిరగేస్తే తెలిసింది. అరబీలో ఖలియా అంటే తేనెటీగల ఇల్లట. 1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషాయన బెండు ముక్కని పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, తేనెపట్టులో గదుల్లాంటివి వరసగా కనిపించాయి. వాటిని సెల్ అన్నాడు. చిన్న గది అని మత్లబ్. అంటే సెల్ అన్న మాటే ఒక మిసాల్, ఖలియా అన్న మాటా మిసాలే. అసలు తమాషా ఏమిటంటే ఆయన చూసింది చచ్చిపోయిన కణాల దీవార్లని. లోపలి ప్రాణం ఎప్పుడో పోయింది కాబట్టే గదిలా కనబడింది. బతికున్న కణంలో ఇంచు ఖాళీ ఉండదు. రిక్తిక సంగతీ అంతే. ఉర్దూలో ఖాలీ, తెలుగులో రిక్తం, ఇంగ్లీషు మాటకీ శూన్యమనే మూలం. అందులో నీళ్లు, లవణాలు, చక్కెరలు, పూలకి రంగులిచ్చే పదార్థాలు నిండి ఉంటాయి. మూడు భాషలూ కలిసి నిండుకుండని ఖాళీ కుండ అన్నాయి. ఖాలీ దిమాగ్ ఎవరిదో మరి!

ఈ గొడవంతా యాదికొచ్చింది మొన్న వేంసూరు వైపు వెళ్లినప్పుడు. సత్తుపల్లి దాటి ఆ రోడ్డెక్కితే మామిడి తోటలు, వాటి పక్కన ఏటేటా పెరుగుతున్న పామాయిల్ తోటలు. ఒక దిక్కు ఆంధ్రా సరిహద్దు, ఇంకో దిక్కు దమ్మపేట, అశ్వారావుపేట మీదుగా అడవి. నేను వెళ్లింది ఒక సర్కారు హైస్కూల్లో మధ్యాహ్న భోజనం బిల్లుల వార్త కోసం. బయోసైన్స్ టీచర్ వరండాలో ఎదురై, “అన్నా, బిల్లుల సంగతి హెచ్చెం సార్ చెప్తారు, ఆయనొచ్చేసరికి గంట పడుతుంది. కూర్చుంటానంటే నా క్లాసులో కూర్చోండి” అంది. తొమ్మిదో తరగతి, కణ నిర్మాణం పాఠం. వెనక బెంచీలో కూర్చున్నాను.

ముందు ఉల్లిగడ్డ. బడికున్నది ఒకటే సూక్ష్మదర్శిని. పొర ఒలిచి, గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క అయోడిన్ వేసి, పిల్లలందరినీ వరసగా చూడనిచ్చింది. ముప్పై మందికి పైనే. సగం పీరియడ్ దానికే పోయింది. ఇది టైం వేస్ట్ అనేవాళ్లు మన స్కూళ్లలో ఎంతోమంది. నాకైతే ఆ టీచర్ చేసిన అన్ని పనుల్లోకీ అదే పెద్దదనిపించింది. కణాన్ని కంటితో చూడని పిల్లకి ‘కణం ఫ్యాక్టరీ లాంటిది’ అని చెబితే తెలియని దాన్ని తెలియని దానితో పోల్చినట్టే. ముందు దీదార్ కావాలి, మిసాల్ తర్వాత.

ఆ తర్వాత చార్టులు తీయించింది. ముందు రోజు ఇచ్చిన హోంవర్కు అది, ‘మా ఊరే ఒక కణం’. నలుగురేసి కలిసి ఊరి బొమ్మ వేసి, కణంలో ఏ భాగం ఊళ్లో ఏదో రాసుకొచ్చారు. కణత్వచం అంటే చెక్‌పోస్టని ఒక జట్టు రాసింది. సరిహద్దు పిల్లలు కదా, 2020 లాక్‌డౌన్‌లో కూరగాయల బండిని వదిలి మనిషిని ఆపేసిన చెక్‌పోస్టు వాళ్లకి బాగా గుర్తు. కొన్నిటిని రానిచ్చి కొన్నిటిని ఆపడమే కణత్వచం పని కాబట్టి ఆ పోలిక భేష్. గాల్జీ సంక్లిష్టం అంటే సత్తుపల్లి బస్టాండులో కార్గో కౌంటరట. మూట కట్టడం, చిరునామా రాయడం, బస్సెక్కించడం. ఇదీ బాగుంది. రిక్తిక అంటే వాటర్ ట్యాంకు. నా ఉస్తాద్ వింటే ఏమనేవారో.

చార్టులు గోడకి అతికించాక ఆ టీచర్ ఇంకో పని చెప్పింది. “ఇప్పుడు ఒక్కో జట్టు ఒక్కో పేపరు తీసుకోండి. మీరు రాసినవి ఎట్లా కావో రాయండి” అంది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. తప్పు రాశామా టీచర్ అని ఒక పిల్లవాడు అడిగాడు. “తప్పు కాదురా. పోలిక ఎక్కడి దాకా పోతుందో, ఎక్కడ ఆగుతుందో రాయమంటున్నా.”

నా వార్త సంగతి నేను మర్చిపోయింది అక్కడే.

ఉర్దూ ఖవాయిద్‌లో తష్బీహ్ అని ఒక సబఖ్ ఉండేది. ‘అలీ షేర్‌లా బహాదుర్’ అంటే, అలీ ముషబ్బహ్, షేర్ ముషబ్బహ్ బిహీ, ‘లా’ అన్నది హర్ఫె తష్బీహ్, బహాదురీ వజ్హె షబహ్. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే పాఠం ఇంకో బట్ట కట్టుకుని వచ్చింది. ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం. రెండు జుబాన్‌ల పండితులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒకే లెక్క చెప్పారని నాకప్పుడు మహా ఖుషీ అయింది. వజ్హె షబహ్ అంటే ఏ విషయంలో పోలిక అన్నది. దాన్ని మింగేసి ‘అలీ షేర్’ అని వదిలేస్తే, అలీకి తోక ఉంటుందా అని పిల్లవాడు అడుగుతాడు. కసూర్ పిల్లవాడిది కాదు. కవిత్వంలో సమానధర్మం చెప్పకపోతే అదో అందం, దానికి లుప్తోపమ అని పేరు కూడా పెట్టుకున్నాం. సైన్సు క్లాసులో చెప్పకపోతే పిల్లవాడి దిమాగ్‌లో తోక మొలుస్తుంది. మన గైడ్లలో, యూట్యూబ్ పాఠాల్లో జరుగుతున్నది సరిగ్గా ఇదే. కేంద్రకం రాజు, మైటోకాండ్రియా పవర్ హౌస్, రైబోజోమ్ ఫ్యాక్టరీ. ఉపమేయం, ఉపమానం బోర్డు మీద ఉంటాయి, వజ్హ్ మాత్రం గాయబ్.

మిసాల్ మీద నాకు దుష్మనీ లేదు. ఖురాన్‌లో సాలీడు మిసాల్ ఉంది, దోమ ప్రస్తావన ఉంది. అదే దీన్ ఖుదాని దేనితోనూ పోల్చవద్దని కట్టడి కూడా చేసింది. పోలిక ఎంత దూరం తీసుకుపోతుందో, ఎక్కడ గుంతలో పడేస్తుందో పాత ఉలమాకి ఎరుకే. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ గ్లిన్ అనే ప్రొఫెసర్ సైన్సు పాఠ్యపుస్తకాల్లోని పోలికల్ని పరిశీలించి ఆరు మెట్ల పద్ధతి ఒకటి తయారుచేశాడు. పోలిక ఎక్కడ తెగిపోతుందో పిల్లలకి చెప్పడం అందులో ఒక మెట్టు. వేంసూరు మండలం టీచరుకి గ్లిన్ పేరు తెలుసో లేదో నేనడగలేదు.

ఇక కేంద్రకం. ఎనిమిది చార్టుల్లో ఆరింటిలో కేంద్రకం అంటే సర్పంచ్. ఒకదాంట్లో హెడ్మాస్టర్. ఇంకోదాంట్లో ‘మా నాయన’. ఎందుకమ్మా అంటే, “అందరికీ ఆర్డర్లేసేది ఆయనే కద సార్” అంది ఆ పిల్ల. ఇది పిల్లల తప్పు కాదు, మాటలోనే ఉంది. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ ఆకుల కణాల్లో ఆ చుక్కని చూసి న్యూక్లియస్ అన్నాడు. లాటిన్‌లో అది గింజలోని పప్పు. ఉర్దూలోకి వచ్చేసరికి అది మర్కజా అయింది, తెలుగులో కేంద్రకం. గింజ పోయి గద్దె వచ్చింది. మర్కజ్ అనగానే ఢిల్లీ గుర్తొస్తుంది, హుకుం గుర్తొస్తుంది. పైగా అది మధ్యలో ఉండి తీరాలనీ లేదు. పెద్ద మొక్క కణంలో రిక్తిక దాన్ని ఒక మూలకి నెట్టేస్తుంది. ఉల్లిపొరలో ఆ పిల్లలు చూసింది కూడా గోడకి ఆనుకున్న చుక్కనే. మామిడి తోటల ఊళ్లో పుట్టిన పిల్లలకి టెంకలోని జీడి కంటే మంచి మిసాల్ ఏం కావాలి? రాబోయే చెట్టు సంగతులన్నీ దాచుకున్నది, హుకుం ఇవ్వనిది.

నన్నడిగితే మాత్రం కేంద్రకం తహసీల్ దఫ్తర్‌లో రికార్డు గది. నిజాం జమానా నుంచి మన రెవెన్యూ మాటలు ఇందుకే పుట్టాయేమో అనిపిస్తుంది. సేత్వార్ గది దాటి బయటికి రాదు. కావాల్సినవాడు దరఖాస్తు పెట్టుకుంటే నకల్ చేతికిస్తారు. డీఎన్‌ఏ కూడా కేంద్రకం దాటదు. ఆర్‌ఎన్‌ఏ అనే నకల్ బయటికొస్తుంది. మేస్త్రీ ప్లాను చూసి గోడ కట్టినట్టు, రైబోజోమ్ ఆ నకల్ చూసి ప్రొటీన్ కడుతుంది. పనయ్యాక నకల్ చించేస్తారు. మనిషి ఒక్క కణంలో ఉండే డీఎన్‌ఏ సాగదీస్తే సుమారు రెండు మీటర్లు, అంత రికార్డు ఆ చుక్కలో మడతపెట్టి ఉంటుంది. ఏ ఖాతా ఎప్పుడు తెరవాలో చాలాసార్లు బయటి నుంచి వచ్చిన కబురే తేలుస్తుంది. రికార్డు గది హుకుం ఇవ్వదు, అడిగింది తీసిస్తుంది. మిసాల్ ఎక్కడ తెగుతుందంటే, ఇక్కడ నకల్‌కి చాయ్‌పానీ అడిగేవాడు లేడు. ఇంకో సంగతి, ప్రతి ఇంట్లో మండలం మొత్తం రికార్డు ఉన్నట్టు ప్రతి కణంలోనూ మొత్తం సేత్వార్ ఉంటుంది. అలాంటి దఫ్తర్ ఏ సర్కారూ పెట్టలేదు.

కేంద్రకం రాజే అయితే మన ఎర్ర రక్తకణం సంగతేమిటి? కేంద్రకమే లేకుండా సుమారు 120 రోజులు ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ మోస్తుంది. ఆ టీచర్ ఈ మాట చెప్పగానే సర్పంచ్ జట్లన్నీ గొల్లుమన్నాయి. ఒకడు లేచి, “సర్పంచ్ లేకున్నా ఊరు నడుస్తది టీచర్, మొన్న నడవలేదా” అన్నాడు. 2024 ఫిబ్రవరి నుంచి మన పంచాయతీలు స్పెషల్ ఆఫీసర్ల పాలనలో నడిచిన రోజుల సంగతి. ఎట్లా నడిచాయో నన్నడగొద్దు, నేను ఆ వార్తలు రాసినవాణ్ణి. ఎర్ర కణం కూడా అంతే, నడుస్తుంది గానీ పాడైన దాన్ని బాగుచేసుకోలేదు, కొత్తది కట్టుకోలేదు, గడువు తీరగానే పోతుంది.

మైటోకాండ్రియా దగ్గరికొస్తే అందరిదీ ఒకే జవాబ్, పవర్ హౌస్ ఆఫ్ ది సెల్. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. పిల్లలు ఇంగ్లీషు పేజీ కంఠతా పడుతున్నారు, తెలుగు పేజీలో ‘శక్త్యాగారం’ అని ఉంటే అదింకా కష్టమైన ఇంగ్లీషులా ఉంది వాళ్లకి. పవర్ హౌస్ అంటే ఏంట్రా అని ఒకణ్ణడిగాను. “పవర్ బ్యాంక్ లాంటిది సార్” అన్నాడు. నవ్వొచ్చింది. ఆ మాటని 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ అనే శాస్త్రవేత్త ఒక పత్రికా వ్యాసానికి శీర్షికగా పెట్టాడు, అప్పటి నుంచి లోకమంతా అదే పాట. ఇక్కడి పెద్దలకి పవర్ హౌస్ అంటే పాల్వంచ కేటీపీఎస్. 2024 ఆగస్టులో అక్కడి పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చేశారు. పిల్లలకి ఆ కూలిన వీడియో తెలుసు, లోపల బొగ్గు కరెంటు ఎలా అవుతుందో తెలియదు. తెలిసినా పోలిక కొంత దూరమే. ఒక్క ప్లాంటు ఎన్నో జిల్లాలకి కరెంటిస్తుంది, తీగలు కావాలి. ఒక్కో కణంలో మైటోకాండ్రియా వందల్లో, కొన్ని కణాల్లో వేలల్లో ఉంటాయి. మంటా లేదు, తీగా లేదు.

నేనైతే చిల్లర మిసాల్ చెబుతాను. గ్లూకోజు అయిదొందల నోటు. ఆటోవాడికి, చాయ్ దుకాణానికి, జిరాక్సు షాపుకి దాంతో పని లేదు, పదులు కావాలి. కణంలో ఏ పనికైనా కావాల్సిన పది నోటు ఏటీపీ. నోటు తీసుకుని చిల్లరిచ్చే కిరాణా షావుకారు మైటోకాండ్రియా. పూర్తిగా విడదీస్తే ఒక గ్లూకోజుకి 30 నుంచి 32 ఏటీపీ అని ఇప్పటి లెక్క, నేను చదివిన రోజుల్లో 38 అనేవాళ్లు. చిల్లర లెక్కలో సైన్సు కూడా తడబడి సరిచేసుకుంది. 2016 నవంబర్‌లో అయిదొందల నోటు చేతిలో పెట్టుకుని పాల ప్యాకెట్ దొరక్క తిరిగిన వాళ్లకి ఈ పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసింది యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. వేంసూరు నుంచి బస్సు పట్టుకుంటే పూటలో చేరే ఊరు. పవర్ హౌస్ అని నూరుసార్లు వల్లించిన ఆ క్లాసులో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. ఇంటి పక్క దీపాన్ని వదిలి పాల్వంచ టవర్లు చూపిస్తున్నాం.

నా చిల్లర మిసాల్ కూడా ఒకచోట తెగుతుంది. నేనిచ్చిన పది ఆటోవాడి జేబులోకి పోతుంది, మళ్లీ నా దగ్గరికి రాదు. ఏటీపీ అలా కాదు. ఖర్చయ్యాక అదే వెనక్కొచ్చి మళ్లీ నిండుతుంది. మనిషి ఒక రోజులో వాడే ఏటీపీ సుమారు తన బరువంత, ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది మాత్రం గుప్పెడే. అంటే తిరిగి తిరిగి ఛార్జి చేసుకుంటున్నాం. ఇక్కడికొచ్చేసరికి ఆ పవర్ బ్యాంక్ పిల్లవాడే నాకంటే హకీకత్‌కి దగ్గరున్నాడు. వాడు తప్పు దాని పేరు చెప్పాడు, అంతే. నవ్వినందుకు ఇప్పుడు షర్మిందాగా ఉంది.

మైటోకాండ్రియా దగ్గరే ఇంకో మిసాల్ నన్ను చాలా కాలం పట్టుకుంది. అవి ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా అనీ, ఇంకో కణంలోకి వచ్చి ఉండిపోయాయనీ 1967లో లిన్ మార్గులిస్ అంది. మొదట ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు పాఠం. వాటికి తమ డీఎన్‌ఏ విడిగా ఉంది. ఇది చదివిన రోజు నాకు ఒక్కటే ఖయాల్. ఇంట్లో తమ జుబాన్ తాము మాట్లాడుకుంటూ, ఊరి కోసం చాకిరీ చేస్తూ, వాళ్లు లేకపోతే ఊరే నడవనట్టు కలిసిపోయినవాళ్లు. అరె, ఇది మేమే కదా! ఒక కాలమ్ సగం రాశాను కూడా. తర్వాత ఆ టీచర్ ప్రశ్నే వేసుకున్నాను, ఎట్లా కాదు? మైటోకాండ్రియా బయటి నుంచి వచ్చింది. మేము? మా దాదా దాదీల వెనకటి వాళ్లలో ఎక్కువమంది ఈ మట్టిలో వాళ్లే, ఇక్కడే దున్నిన వాళ్లే, ఇక్కడే దూదేకిన వాళ్లే. అందమైన మిసాల్‌లో కూర్చుని నన్ను నేనే పరాయివాణ్ణి చేసుకోబోయాను. చించేశాను. మనుషుల్ని చెదపురుగులతో పోల్చిన మాటలు మన జమానాలోనే విన్నాం, చప్పట్లూ విన్నాం. వజ్హె షబహ్ అడిగే అలవాటు తొమ్మిదో తరగతిలో పడి ఉంటే చప్పట్లు కాస్త తగ్గేవేమో.

ఇక లైసోజోమ్. ఒక చార్టులో దాని దగ్గర గడి ఖాళీగా ఉంది. మిగతావన్నీ రంగులు వేసి, గుండ్రటి అక్షరాలతో రాసిన చార్టు అది. నేను ఆ ఖాళీ చూశానని టీచర్ చూసింది. పిల్లలు అన్నానికి వెళ్లాక చెప్పింది.

లైసోజోమ్‌లకి పుస్తకాల నుంచి గైడ్ల దాకా ఉన్న పేరు సూసైడ్ బ్యాగ్స్. తెలుగులో దాన్ని ‘స్వయంవిచ్ఛిత్తి సంచులు’ అన్నారు. ఆ సంస్కృతం అడ్డున్నంత కాలం ఆ మాట ఎవరికీ తగల్లేదు. సూసైడ్ అట్లా కాదు. అది ఇప్పుడు తెలుగు మాటే, టీవీ స్క్రోలింగ్‌లో రోజూ పరిగెత్తే మాట. ఆ చార్టు వేసిన పిల్ల తండ్రి కౌలుకి మిర్చి వేసినవాడు. రెండేళ్ల కింద పురుగుల మందు తాగాడు. “ఆ మాట బోర్డు మీద రాసి కింద గీత గూడ గీశానన్నా. రెండు మార్కుల ప్రశ్న, మర్చిపోవద్దని చెప్పాను. వెనక్కి తిరిగాక ఆ పిల్ల మొహం చూశాను” అంది టీచర్. ఆమె తర్వాత ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ‘పురుగుల మందు తాగి కౌలు రైతు ఆత్మహత్య’ అని నాలుగు లైన్ల వార్తలు నా చేత్తో ఎన్ని రాశానో లెక్కలేదు. పేరు, వయసు, అప్పు ఎంత, పిల్లలు ఎందరు. ఆ ‘పిల్లలు ఇద్దరు’ మర్నాడు ఏ క్లాసులో కూర్చుంటారో ఎన్నడూ రాయలేదు.

దీనికి ఎతరాజ్ ఉంటుందని తెలుసు. ఒక పిల్ల బాధపడిందని సైన్సు మాటలు మార్చుకుంటూ పోతామా, రేపు పరీక్షలో వస్తే ఏం రాస్తుంది అంటారు. ఆ మాట సైన్సులో నిజమైతే నేనూ నోరు మూసుకుందును. నిజం కాదు. 1955లో క్రిస్టియాన్ డి డ్యూవ్ లైసోజోమ్‌లని గుర్తించినప్పుడు, వాటిలో దేన్నైనా అరగదీసే ఎంజైములున్నాయనీ, సంచి పగిలితే కణం తనని తానే తినేస్తుందనీ అనుకున్నారు. ఆ పేరు అక్కడి నుంచి అంటుకుంది. కణం పద్ధతి ప్రకారం చచ్చిపోవడానికి వేరే యంత్రాంగం ఉందని తర్వాత తేలింది, 2002లో దానికి నోబెల్ కూడా వచ్చింది. లైసోజోమ్ రోజూ చేసే పని చావు కాదు. పాతబడిన, విరిగిన సామాను విడగొట్టి మళ్లీ వాడుకునేలా చేయడం. జపాన్‌లో యోషినోరి ఒసుమి ఈస్టు కణాల్ని పస్తుపెట్టి చూశాడు. ఆకలైన కణం తనలోని పాత భాగాల్ని మూటకట్టి, లైసోజోమ్ పని చేసే రిక్తికలోకి పంపుతోంది. అక్కడ విడిపోయిన ముక్కలతో కరువు గడుపుకుంటోంది. కరువులో ఇత్తడి బిందె అమ్ముకుని బియ్యం తెచ్చుకున్నట్టు. 2016లో ఆయనకి నోబెల్ ఇచ్చింది ఈ పనికే. చావకుండా ఉండడానికి కణం చేసే పనికి మనం పెట్టిన పేరు సూసైడ్. ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లు వచ్చే ముద్రణలో ఆ ఒక్క మాట తీసేయాలి, ప్రశ్నపత్రాలు చేసేవాళ్లు ఆ రెండు మార్కులు వేరే చోట పెట్టాలి. ఇందుకు కమిటీ కూడా అక్కర్లేదు.

ఇంకో చార్టులో లైసోజోమ్ దగ్గర ఒక పిల్లవాడు ఉర్దూలో ‘అబ్బా’ అని రాసి, కింద తెలుగులో ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అని రాశాడు. వాళ్ల అబ్బా మైకు పెట్టుకుని ఆటోలో ఊరూరా తిరుగుతాడు. విరిగిన కుర్చీలు, మూలకు పడ్డ మోటార్లు, తుప్పు పట్టిన రేకులు కొంటాడు. కబాడీవాలా అని క్లాసులో వాణ్ణి ఏడిపించిన రోజులున్నాయని టీచర్ చెప్పింది. వాడి జట్టు ‘ఎట్లా కాదు’ పేపర్లో రాసింది నా నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను: “లైసోజోమ్ ఇరగ్గొట్టింది అదే కణంలోకి పోతది. మా అబ్బా కొన్నది లారీల పోతది, మల్ల మా ఊరికి రాదు. పైసలు గూడ లైసోజోమ్ ఇయ్యదు.” ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, అది తెగే చోటు, అన్నీ ఉన్నాయి. డిగ్రీలో మేము రాసిన అలంకారాల జవాబుల్లో ఈ చివరిది ఉండేది కాదు.

ఖాళీ గడి చార్టుని టీచర్ తీసేయలేదు, నింపమనీ అడగలేదు. మిగతా ఏడింటితో పాటే గోడ మీదుంది. హెచ్చెం సార్ వచ్చారని అటెండర్ పిలిస్తే లేచాను. తలుపు దాకా వచ్చి ఆమె అడిగింది, “అన్నా, మీ ఉర్దూ బడిలో దీన్నేమనేవాళ్లు?”

“ఖుద్‌కుషీ కీ థైలీ” అన్నాను.

“అక్కడ గూడ అదేనా” అంది.